పాఠాలు చెప్పినవారు దౌత్యంలో రాణించగలరా?

జీవితమంతా బోధనలో గడిపినవారు దౌత్యంలో, రాజకీయాల్లో నిలదొక్కుకోగలరా, అందుకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను ఉదాహరణగా చూపవచ్చా అని అడిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి, మధ్యలో రెండేళ్ళు అధ్యాపక సంఘానికి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి కనుక నాకు తోచింది చెబుతాను.

చూపవచ్చు, అయితే ఆయన తరగతి గదిలోంచి నేరుగా సోవియట్ యూనియన్‌కు భారత రాయబారిగా మాస్కో వెళ్ళలేదు. ప్రభుత్వ అణచివేతకు నిరసనగా సి.ఆర్.రెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని వదులుకున్న తరువాత, 1931లో రాధాకృష్ణన్ ఆ పదవిలోకి వాల్తేరు వచ్చేనాటికి విశ్వవిద్యాలయం వయసు అయిదేళ్ళే. అక్కడికి రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, భౌతికశాస్త్రంలో పాతికేళ్ళైనా నిండని సూరి భగవంతం, తరువాత కేంద్ర మంత్రి అయిన హుమాయూన్ కబీర్, కమ్యూనిస్టు పార్లమెంటు సభ్యుడైన హీరేన్ ముఖర్జీ వచ్చి చేరారు. మనుషులను ఎంచుకోవడం, నిధులు సమకూర్చుకోవడం, భిన్నాభిప్రాయాలున్నవారిని ఒకచోట ఇమడనివ్వడం అక్కడే అలవడ్డాయని నా నమ్మకం. ఆపైన 1939 నుంచి 1948 వరకు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయాన్ని, క్విట్ ఇండియా రోజులతో సహా, నడిపారు.

వట్టి బోధన చాలదని నాకు అనుభవంలో తెలిసింది. వేతన బకాయిల విషయమై మొదటిసారి ఒక అధికారిని కలిసినప్పుడు నలభై నిమిషాలు పాఠం చెప్పినట్లే మాట్లాడాను, ఆయన నోరు మెదపకుండా విన్నారు. తరగతిలో నిశ్శబ్దం ఉంటే వింటున్నారనుకుంటాం, కానీ ఆ గదిలో నిశ్శబ్దానికి అర్థం ఫైలు కదలదని.

రాధాకృష్ణన్ కూడా స్టాలిన్‌కు పాఠమే చెప్పారు. అంతకుముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు దొరకని సమావేశం ఆయనకు 1950 జనవరిలో దొరికింది. రక్తపాతంతో గెలిచిన అశోకుడు యుద్ధాన్నే విడిచిపెట్టాడని, మీకూ అలా జరగవచ్చునేమోనని ఆయన అన్నారట. తానూ అయిదేళ్ళు మతవిద్యాలయంలో చదివినవాణ్ణేనని స్టాలిన్ బదులిచ్చారట. ఆ పాఠం చెల్లింది, ఎందుకంటే అప్పుడు రాధాకృష్ణన్ నాలా చేయి చాచి కూర్చోలేదు.

రాజకీయవేత్త అన్న మాట మాత్రం ఆయనకు పూర్తిగా అతకదు. ఏ పార్టీలోనూ చేరకుండానే 1952లో పోటీ లేకుండా ఉపరాష్ట్రపతి అయ్యారు, 1962లో రాష్ట్రపతి అయ్యారు. పదవి దిగబోయే ముందు, 1967 గణతంత్ర దినోత్సవం ముందురోజు చేసిన ప్రసంగంలో దేశ వనరుల నిర్వహణలోని అసమర్థతను క్షమించలేమని తన ప్రభుత్వాన్నే, పరీక్ష పేపరు దిద్దినట్లు, తప్పుపట్టారు. అదే ఏడాది మే నెలలో మద్రాసు మైలాపూరులోని సొంత ఇంటికి వెళ్ళిపోయారు.