కన్సల్టెంటు ప్రభుత్వానికి భాగస్వామా?

సందేహం: ఒక ప్రభుత్వ శాఖలో అనువాదాలు చేస్తుంటాను. ఈ మధ్య ఒక పత్రంలో ‘కన్సల్టెంట్లు ప్రభుత్వ ఏజెన్సీలకు నిజమైన భాగస్వాములు కావాలి’ అని రాశాను. ‘కన్సల్టెంటు’ తీసేసి ‘సంప్రదింపుదారు’ పెట్టమని ఒకరు, ‘సలహాదారు’ పెట్టమని ఇంకొకరు అన్నారు. ‘భాగస్వామి’ అనే మాటే కుదరదని మా అకౌంట్స్ అధికారి పట్టుబట్టారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: అకౌంట్స్ అధికారి అభ్యంతరంతోనే మొదలుపెడదాం. ఆయనది చాదస్తం కాదు. భాగస్వామి అంటే భాగానికి స్వామి, వాటా ఉన్నవాడు. వ్యాపారంలో లాభాలు పంచుకోవడానికి ఒప్పుకున్న వ్యక్తుల మధ్య ఉండే సంబంధమే భాగస్వామ్యమని 1932 నాటి చట్టం కూడా అంటుంది. కన్సల్టెంటుకు ముట్టేది ఫీజు. పథకం పండినా ఎండినా అందులో అతనికి వాటా లేదు. కాబట్టి ఒప్పంద పత్రాల్లో ఈ మాట వాడకండి. రేపు వివాదం వస్తే వకీళ్ళు పట్టుకునేది అలాంటి మాటలనే.

ఉపన్యాసంలోనో వ్యాసంలోనో అయితే వాడుకోవచ్చు. కానీ అక్కడ విభక్తి చూసుకోవాలి. ‘ప్రభుత్వానికి భాగస్వామి’ అన్నది ఎక్కడో గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ‘ప్రభుత్వ పనిలో భాగస్వామి’ అంటే నేలమీద నిలుస్తుంది. తెలుగులో భాగం ఎప్పుడూ దేనిలోనో ఉంటుంది, ఆ ‘లో’ ఏమిటో చెప్పాలి. ఆలోచనలోనా, అమలులోనా, నిర్ణయంలోనా? మీ పత్రం రాసినవాళ్ళు ఈ ప్రశ్న వేసుకున్నట్టు లేదు.

‘సంప్రదింపుదారు’ వద్దేవద్దు. తెలుగులో సంప్రదించేవాడు అడిగేవాడే కాని చెప్పేవాడు కాడు. డాక్టరును సంప్రదించేది రోగి. ఈ లెక్కన సంప్రదింపుదారు మీ శాఖే అవుతుంది! ‘సలహాదారు’ మంచి మాటే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన సలహాకు పారశీక ప్రత్యయం ‘దారు’ తోడైంది. చిక్కల్లా దానికి ఇప్పటికే వేరే పని పడటంలో ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పత్రికలు చదివేవారికి ‘ప్రభుత్వ సలహాదారు’ అంటే జీవోతో నియమితుడై, ఒక్కోసారి కేబినెట్ హోదా కూడా పొందిన పెద్దమనిషే గుర్తుకొస్తాడు. టెండరు గెలిచి వచ్చిన సంస్థను ఆ పేరుతో పిలిస్తే పాఠకుడు తికమకపడతాడు. కన్సల్టెంటును కన్సల్టెంటుగానే ఉండనివ్వండి.

ఇక అసలు భావానికి వద్దాం. పాతవాళ్ళకు ఇది తెలియని భావం కాదు. మంత్రి అనే మాటలోని ‘మంత్రం’ ఆలోచనే, మంత్రాంగం మాటలో ఆ అర్థం ఇంకా బతికి ఉంది. సచివుడన్న మాట ఇంకా ఆసక్తికరం. ‘సచ్’ ధాతువుకు కూడి ఉండటమని అర్థం. సచివుడంటే వెంట ఉండేవాడు, తోడు. అమరకోశం వీళ్ళను రెండుగా విడదీసింది: ఆలోచనలో తోడైనవాడు ధీసచివుడు, పనిలో తోడైనవాళ్ళు కర్మసచివులు. నేటి ప్రభుత్వ నియమాలూ ఇంచుమించు ఈ గీతే గీశాయి. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమావళిలో కన్సల్టెన్సీ సేవలు ఒకచోట, మన పత్రికలు ‘పొరుగు సేవలు’ అంటున్నవి మరొకచోట ఉంటాయి. ఒక పథకానికి రూపురేఖలు గీసిన సంస్థ, దాని ఫలితంగా వచ్చే పనికే మళ్ళీ టెండరు వేయకూడదన్న నిబంధన కూడా ఉంది. ధీసచివుడే కర్మసచివుడైతే తనకు పని పుట్టించే సలహాలే ఇస్తాడన్న అనుమానం అందులో ఉంది. ఆ అనుమానం సబబే.

కర్మసచివుల హద్దు చూడాలంటే పాస్‌పోర్టు సేవాకేంద్రానికి వెళ్ళండి. ‘ఏ’ కౌంటరులో ఫొటో, వేలిముద్రలు తీసుకునేది టీసీఎస్ అనే ప్రైవేటు కంపెనీ సిబ్బంది. ‘బీ’లో పత్రాలు పరిశీలించేది, ‘సీ’లో మంజూరు చేసేది ప్రభుత్వ ఉద్యోగులు. పనిలో భాగం ఇచ్చారు, నిర్ణయంలో ఇవ్వలేదు.

ధీసచివుడికి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన హోదా పేరే ‘స్పెషల్ కన్సల్టింగ్ ఇంజినీరు’. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని సూచించి, 1909 చివరికల్లా మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్ళిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. సలహా చెప్పినవాడు వెళ్ళిపోయిన ఎన్నో ఏళ్ళకు కూడా పని ఆగలేదంటే, ఆ ఆలోచనను ఇక్కడి ప్రభుత్వం, ఇక్కడి ఇంజినీర్లు తమదిగా చేసుకున్నారన్నమాట. రెండు చెరువులకూ నిజాం పేరు, ఆయన కొడుకు పేరు పడ్డాయి. కన్సల్టెంటు పేరు పడలేదు. అది మామూలే.

‘తమదిగా చేసుకోవడం’ అన్నాను కదా. మీ వాక్యానికి కావలసిన సరుకు నామవాచకంలో లేదు, ఈ క్రియలో ఉంది. తెలుగు క్రియకు తోకలు బలం. చేసిపెట్టడం ఒకరి కోసం చేయడం. చేయించుకోవడం తన పని మరొకరి చేత జరిపించుకోవడం. చేసుకోవడం తన పని తాను చేయడం. చాలా శాఖల్లో కథ మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. కన్సల్టెంటు డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాసిపెడతాడు, శాఖ రాయించుకుంటుంది. గడువు ముగిసి అతను వెళ్ళగానే అందులోని లెక్క ఎలా వచ్చిందో చెప్పే మనిషి ఉండడు. మరుసటి ఏడాది అదే పనికి ఇంకో టెండరు. తప్పు కన్సల్టెంటు ఒక్కడిదే అనను. పని మొదలైనప్పటి నుంచీ శాఖ కూడా అందులో పాల్గొని, చివరిదాకా కనిపెట్టుకుని ఉండాలని నేను పైన చెప్పిన నియమావళే చెబుతోంది. నివేదిక బైండు చేయించి తెచ్చాక మీటింగు పెట్టి టీ తాగడం పాల్గొనడం కాదు. అలాగే శాఖ ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు విప్పి చూపే కన్సల్టెంటు, ‘ఈ పనికి మా అవసరం లేదు, మీవాళ్ళు చాలు’ అని చెప్పగల కన్సల్టెంటు ఉంటే, అతనికి భాగస్వామి అన్న బిరుదు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే.

కాబట్టి మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘కన్సల్టెంట్లు శాఖలకు పని చేసిపెట్టి ఊరుకోక, ఆ పనిని శాఖలు సొంతంగా చేసుకోగలిగేదాకా తోడుండాలి.’ కాస్త పొడుగైంది. ‘నిజమైన’ అన్న విశేషణం పోయింది, అది పోయినా నష్టం లేదు.

నా వాక్యంలో ‘ఏజెన్సీలు’ కూడా లేదని గమనించే ఉంటారు. విజయనగరంలో ఉండి మీరు ‘ప్రభుత్వ ఏజెన్సీలు’ అని ఎలా రాశారో! మనకు ఏజెన్సీ అంటే పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు మన్యం. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించినప్పుడు పుట్టిన వాడుక అది. ప్రభుత్వ శాఖలు, సంస్థలు అంటే సరిపోతుంది. బహువచనం కన్సల్టెంట్లు. ‘కన్సల్టెంట్స్‌లు’ అన్న రూపం కూడా ఈమధ్య కనిపిస్తోంది. దానికి ఎవరి సలహా తీసుకున్నారో తెలియదు.