ఎదురుగాలిలో పడవ ఒక వైపే బాగా వెళ్తోంది, కొత్త తెరచాప కొనాలా?

మీ పడవ పద్నాలుగు అడుగులది, మెయిన్ (పెద్ద తెరచాప), జిబ్ (ముందున్న చిన్న తెరచాప) రెండూ ఉన్నాయి. గాలి కుడి నుంచి వస్తే చక్కగా వెళ్తోంది, ఎడమ నుంచి వస్తే పక్కకి జారిపోతోంది, గాలి పెరిగితే టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) చేతిని లాగేస్తోంది అన్నారు.

తెరచాప ఇప్పుడే కొనకండి. రెండు వైపులా పని చేసేది ఒకే గుడ్డ కదా, ఒక వైపే ఇబ్బంది అంటే ముందు మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) అనుమానించాలి. నేను ఇదే సమస్యతో ఒక సీజనంతా తెరచాపల్ని సర్దుతూ గడిపాను. చివరికి టేపు పెట్టి కొలిస్తే మాస్ట్ పైకొస ఒక పక్కకి వాలి ఉంది. రెండు వైపుల కొలతకీ 3 సెం.మీ. తేడా. కంటికి అస్సలు తెలియలేదు.

గాలి లేని రోజు, పడవ ఒడ్డున ఉండగా కొలవండి. స్టీలు టేపు కొసని మెయిన్ హాలియార్డ్‌కి (పెద్ద తెరచాపని పైకి ఎత్తే తాడుకి) కట్టి పైదాకా లాగి బిగించండి. కింద టేపుని ఒక వైపు ష్రౌడ్ (మాస్ట్‌ని పక్క నుంచి పట్టి ఉంచే తీగ) పడవకి తగులుకునే పిన్ దగ్గర పెట్టి అంకె చదవండి, తర్వాత రెండో వైపు. రెండుసార్లూ ఒకే బలంతో లాగాలి. తేడా ఉంటే టర్న్‌బకిల్‌ని (ష్రౌడ్‌ని బిగించే మరని) ఒక పక్క అర చుట్టు వదులు చేసి, రెండో పక్క అంతే బిగించి మళ్లీ కొలవండి. తర్వాత మాస్ట్ మొదట్లో కూర్చుని, తెరచాప ఎక్కే గాడి వెంబడి పైకి చూడండి. గాడి ఎక్కడా పక్కకి వంగకూడదు.

ష్రౌడ్ల టెన్షన్ మాత్రం నీళ్ల మీద నడిపితేనే తెలుస్తుంది. ఓ మోస్తరు గాలిలో ఎదురుగా నడుపుతూ, గాలి పోయే వైపు ష్రౌడ్‌ని వేలితో నొక్కండి. కాస్త వదులుగా ఉండాలి, వేలాడుతూ ఊగకూడదు. ఊగుతుంటే అప్పుడే, ఆ పక్కదాన్నే కాస్త బిగించండి, పడవ తిప్పాక రెండోదాన్నీ అన్నే చుట్లు బిగించండి. గాలి వచ్చే వైపుది మాస్ట్‌ని మోస్తూ ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. పని అయ్యాక కాటర్ పిన్లు పెట్టడం మరిచిపోకండి. పిన్ లేని టర్న్‌బకిల్ తనంతట తనే విప్పుకుంటుంది, మాస్ట్ మనుషుల మీద పడుతుంది.

టిల్లర్ లాగడం గురించి అడిగితే చాలామంది మాస్ట్ వెనక్కి వాలిందంటారు. నిజమే, మాస్ట్ ఎంత వెనక్కి వాలితే పడవ అంతగా గాలిలోకి తిరగాలని చూస్తుంది. కానీ పడవ పక్కకి ఒరిగినా అదే జరుగుతుంది. అందుకే ముందు బరువంతా గాలి వచ్చే వైపు అంచు మీదకి జరిపి పడవని నిటారుగా పెట్టండి, గాలి విసురు రాగానే మెయిన్ షీట్ (పెద్ద తెరచాపని అదుపు చేసే తాడు) వదలండి, అవుట్‌హాల్ (తెరచాప కింది వెనక మూలని లాగే తాడు) లాగి తెరచాప పొట్ట తగ్గించండి. నాకు సగం లాగుడు అక్కడే పోయింది. మిగిలినదానికి ఫోర్‌స్టేని (మాస్ట్‌ని ముందు నుంచి పట్టి ఉంచే తీగని) ఒక సెంటీమీటరు పొట్టి చేసి చూశాను. టిల్లర్ రెండు వేళ్లకి తెలిసేంత లాగితే చాలు, అసలు లాగకపోవడం మంచిది కాదు.

జిబ్‌కి ముందంచు నుంచి ఒక జానెడు వెనక, కింద, మధ్య, పైన రెండు వైపులా ఊలు దారం ముక్కలు అంటించండి. పడవని నెమ్మదిగా గాలిలోకి తిప్పినప్పుడు గాలి వచ్చే వైపు దారాలు మూడూ ఒకేసారి ఎగరాలి. పైది ముందు ఎగిరితే జిబ్ తాడు వెళ్లే కప్పీని ముందుకి జరపండి, కిందది ముందు ఎగిరితే వెనక్కి.

ఇవన్నీ అయ్యాక తెరచాప సంగతి చూడండి. గాలి బాగా ఉన్నప్పుడు హాలియార్డ్ గట్టిగా లాగినా పొట్ట ముందుకి రాకుండా వెనక సగంలోనే ఉండిపోతే గుడ్డ సాగిపోయినట్టే, అప్పుడు కొనండి.