బగ్ దానంతట అదే వస్తుందా?

ప్రశ్న: సార్, మాది కావలి. రొయ్యలు కొనేవాళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే చిన్న ఆఫీసులో టెస్టింగ్ చూస్తుంటాను. మొన్న ఒక రైతు సరుకు సరిగ్గా 40 కౌంట్ (కిలోకి 40 రొయ్యలు) తూగింది. మా ప్రోగ్రాం దాన్ని 31-40 రేటులో కాకుండా 41-50 రేటులో వేసేసింది. ఆయన ఫోన్ చేసి "ఏందబ్బా ఇది" అని నిలదీస్తే మావాళ్లు "చిన్న బగ్ వచ్చిందండీ, చూస్తాం" అన్నారు. తప్పు జరిగిందని ఒప్పుకోవచ్చుగా అంటే మా టీమ్ లీడరు "పేరేదైతే ఏంది, సరిచేస్తున్నాం కదా" అంటాడు. పేరుతో నిజంగా తేడా ఉంటుందా? మెషిన్‌లో పురుగు దొరికాకే బగ్ అనే మాట పుట్టిందట కదా?

జవాబు: ముందు పురుగు సంగతి. 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్‌లో రిలే అనే స్విచ్‌లో చిమ్మట దొరకడం, దాన్ని లాగ్ బుక్‌లో అంటించడం నిజమే. కానీ ఆ మాట అంతకు చాలా ముందుది, 1878లోనే ఎడిసన్ తన ఉత్తరంలో వాడాడు.

ఇక పేరు. డైక్‌స్ట్రా అని పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్త, బగ్ అనడం మానేసి ఎర్రర్ అందామని 1988లో రాశాడు. ప్రోగ్రామర్ చూడనప్పుడు ఏదో లోపలికి దూరినట్టు మాట్లాడటం నిజాయితీ కాదని ఆయన కోపం. నేను ఆయన పక్షమే, కాకపోతే మనకు ఆ పేరు కంటే దాని పక్కన చేరే ‘వచ్చింది’తో పేచీ ఎక్కువ. బగ్ వచ్చింది, ఎర్రర్ వచ్చింది, సర్వర్ తీసుకోవట్లేదు: జ్వరం వచ్చినట్టు వచ్చేసింది, ఎవరేం చేస్తారు! (పత్రికలవాళ్లమూ తక్కువ తినలేదు, "అచ్చుతప్పు దొర్లింది" అని వేసి చేతులు దులుపుకుంటాం.) మీ దగ్గర ఏదీ రాలేదు. "40 దాకా" అని రాయాల్సిన చోట ఎవరో "40 కంటే తక్కువ" అని రాశారు, అంతే. ఇలా అనగానే తర్వాతి ప్రశ్న దానంతట అదే పుడుతుంది: మరి 30, 50 దగ్గర ఏం రాశారు? "బగ్ వచ్చింది" అని ఊరుకుంటే అది ఎవరికీ తట్టదు.

పేరేదైతే ఏంది అనే మీ లీడరుకి బ్రిటన్ పోస్టాఫీసు కథ చెప్పండి. హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపిస్తే దాన్ని నమ్మి, డబ్బు కాజేశారని 900 మందికి పైగా చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను దోషులుగా తేల్చారు, కొందరు జైలుకీ వెళ్లారు. ఆ సాఫ్ట్‌వేర్ మీద అనుమానాలు ముదిరిన 2013లో అప్పటి పోస్టాఫీసు సీఈఓ పౌలా వెన్నెల్స్, బగ్ అనే మాటకు బదులు ఎవరికీ గుచ్చుకోని మాటేదైనా ఉందా అని ఇంట్లో భర్తను అడిగారు. ఎక్సెప్షన్ (మినహాయింపు) అనో ఎనామలీ (అసాధారణం) అనో అనొచ్చని ఆయన సలహా. ఈ సంగతి ఆవిడే రాసిన ఈమెయిల్ తర్వాత విచారణలో బయటపడింది. అంటే ఆవిడకు బగ్ కూడా ఘాటుగానే తోచింది! పేరుతో పనిలేకపోతే అంత పెద్ద ఆఫీసరు దాన్ని వెతుక్కోవాల్సిన అవసరం ఏంటి?

అలాగని మీటింగులో "ఎవడు చేశాడీ తప్పు" అని అరిస్తే ఇంకో తలనొప్పి, రేపటి నుంచి కుర్రాళ్లు దొరికిన తప్పును కూడా దాస్తారు. కాబట్టి ఆఫీసులో మనిషి పేరు ఎత్తకండి, జరిగింది మాత్రం విడమరిచి రాయండి: "40 కౌంట్ సరుకుకి 41-50 రేటు వేశాం, టెస్టుల్లో 40తో ఒక్కటీ లేదు." ఈ రెండో ముక్క మీ విభాగానిదే, అదీ రాయండి. రైతుతో మాత్రం బగ్, గ్లిచ్ లాంటివేవీ వద్దు. "మా లెక్క తప్పండీ, మీకు ఇంత రావాలి" అంటే చాలు.

అన్నట్టు, ఆయనకు తేడా డబ్బు అందిందో లేదో మీరు రాయలేదు. పాత బిల్లులు కూడా తిరగేయండి, సరిగ్గా 40 కౌంట్ తూగి, ఫోన్ చెయ్యని రైతులు ఇంకెందరున్నారో.