ఓడలో పాప ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా బావగారు వాళ్లు సింగపూర్‌లో ఉంటారు. సంక్రాంతి వెళ్లాక అందరం అక్కడికి వెళ్లి, అక్కణ్ణుంచి నాలుగు రాత్రుల క్రూజ్ ఎక్కుదామని బుక్ చేసేస్తామంటున్నారు. పెద్దా చిన్నా కలిపి తొమ్మిది మందిమి. మా పాపకి అప్పటికి 22 నెలలు. మా అత్తయ్యగారు "పసిపిల్లతో నీళ్ల మీద తిరుగుడేంటి, గాలీ ధూళీ" అంటున్నారు. మావారికి ఆఫర్ అయిపోతుందని తొందర. పాపకి బస్సెక్కితే వాంతి అవుతుంది, పైగా అన్నం పప్పు తప్ప ఏదీ ముట్టదు. తీసుకెళ్లొచ్చా, లేక మా అమ్మ దగ్గర వదిలేసి వెళ్లమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తీసుకెళ్లమ్మా. వదిలేసి వెళ్తే పాపకి ఏమీ కాదు, అమ్మమ్మ దగ్గర హాయిగానే ఉంటుంది. నువ్వే ఆ నాలుగు రోజులూ వీడియో కాల్ కలుస్తుందేమోనని ఫోన్ పట్టుకుని డెక్ చుట్టూ తిరుగుతావు, నడిసముద్రంలో మన సిమ్ సిగ్నల్ అందదు, ఓడ నెట్‌వర్క్ పొరపాటున తగులుకుందంటే వచ్చే బిల్లు చూసి మీవారు మళ్లీ క్రూజ్ మాట ఎత్తరు. ఓడ కదలగానే అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించు, ఇది మాత్రం మర్చిపోకు.

వయసు గురించి బెంగ లేదు. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండిన పిల్లల్ని ఎక్కించుకుంటాయి, రోజుల తరబడి రేవు తగలని దూర ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటాయి. అయితే బుక్ చేసే ముందు మీ బావగారిని ఒక్క మాట అడుగు: ఓడ ఎటు వెళ్తోంది? జనవరిలో అక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం, సింగపూర్ నుంచి వియత్నాం వైపు వెళ్తే దక్షిణ చైనా సముద్రం ఆ నెలల్లో బాగా ఊగిస్తుంది. అదే పెనాంగ్, పుకెట్ వైపైతే మలక్కా జలసంధిలో వెళ్తారు, ఆ ఈశాన్య గాలికి మలేషియా భూభాగం అడ్డంగా ఉండటంతో నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. ఆఫర్ ఎంతుందన్నది తర్వాత.

వాంతుల సంగతి. రెండేళ్లలోపు పిల్లలకి ప్రయాణపు వాంతులు తక్కువే, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్యే ఎక్కువ. కాబట్టి మీ పాపకి బస్సులో అవుతున్నది ఎక్కే ముందు పట్టిన పాల వల్లో, ఎండ వల్లో, డీజిల్ వాసన వల్లో పిల్లల డాక్టర్‌తో ఒకసారి మాట్లాడు. మన ఊళ్లలో ఒక అలవాటుంది, బస్సెక్కే ముందు పిల్లలకి అవోమిన్ సగం ముక్క నలిపి తేనెలో నాకించడం. ఆ పని చెయ్యొద్దు. అందులో ఉండే ప్రొమెథజీన్ రెండేళ్లలోపు పిల్లలకి వెయ్యకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మీ పాపకి రెండు నెలలు తక్కువ. "పోనీలే, దగ్గర పడిందిగా" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెప్తున్నా.

గది మాత్రం ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి. ఏతాం చూసే ఉంటావుగా, కొసన ఎంత ఎగిరి పడ్డా ఇరుసు దగ్గర కదలిక తక్కువ, ఓడా అంతే. పైగా కింది అంతస్తు గదులు సాధారణంగా చవక. బాల్కనీ గది ఫొటోలకి బాగుంటుంది కానీ పాకి కుర్చీ ఎక్కే వయసు పిల్లతో బాల్కనీ నాకైతే ఇష్టం ఉండదు. తీసుకోక తప్పకపోతే అక్కడి కుర్చీలు లోపలికి లాగేసి, తలుపు గొళ్లెం పైది వెయ్యండి. కిటికీ లేని గదిలో మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది, పాప ఒంటిగంటకి పడుకుంటే నాలుగింటిదాకా లేవదు. ఉయ్యాల మంచం బుకింగ్ అప్పుడే అడగాలి, ఓడలో అవి లెక్కగా ఉంటాయి. స్నానానికి బకెట్ ఉండదు, నెత్తి మీంచి షవర్ పడుతుంది, మా చిన్నది ఆ హోరుకి గోడకి కరుచుకుపోయింది. ఒక ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పడెయ్యి, బరువేం కాదు.

తిండి దగ్గర మా కథ చెప్పాలి. మేం వెళ్లినప్పుడు మా అత్తగారు పిల్లకి ఉగ్గు వండాలని చిన్న కరెంటు రైస్ కుక్కర్, దాంతోపాటు ఇంట్లో వేయించి ఆడించిన బియ్యం పెసరపప్పు పొడి, ఒక డబ్బా సున్నుండలు పెట్టారు. ఓడ ఎక్కేచోట స్కానింగ్‌లో కుక్కర్ పట్టేసుకుని టోకెన్ ఇచ్చారు. ఆవిడ ఆ టోకెన్ నాలుగు రోజులూ కొంగున ముడేసుకుని తిరిగి, దిగేరోజు అందరికంటే ముందు వెళ్లి కుక్కర్ తెచ్చుకున్నారు. వేడెక్కే కరెంటు సామాను ఏదీ ఓడలోకి రానివ్వరమ్మా, కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఏదైనా సరే, నడిసముద్రంలో నిప్పు అంటే వాళ్లకి అంత భయం. ఇంట్లో వండినవి కూడా సాధారణంగా ఒప్పుకోరు, సీలు తియ్యని పిల్లల ఆహారం ఒప్పుకుంటారు. ఉగ్గు పొడి కావాలంటే సీలు ఉన్న ప్యాకెట్ కొనుక్కో, వేడినీళ్లు బఫే దగ్గర ఇస్తారు. సింగపూర్ ఓడల్లో మనవాళ్లు చాలామందే ఎక్కుతారు కాబట్టి అన్నం, పప్పు దొరుకుతాయి, ఆ పప్పులో కారం ఉంటే పిల్ల కోసం విడిగా అడగొచ్చు, మొహమాటపడకు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి పాపని చూపించి చెప్తే మర్నాటినుంచి వాళ్లే గుర్తుపెట్టుకుంటారు.

బఫేకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడిగించండి. తలుపు దగ్గర శానిటైజర్ పిచికారీ చేస్తారు, సరే, చేయించుకోండి, కానీ ఓడల్లో వాంతులూ విరేచనాలూ అంటించే నోరోవైరస్ దానికి సరిగ్గా లొంగదు, సబ్బూ నీళ్లే దానికి మందు. ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకో. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్టే గ్లాసులో చిక్కగా కలిపేసేవాళ్లని చూశాను, అది తప్పు. ఓడలో డాక్టర్ ఉంటారు, ఆరోగ్యశ్రీ ఉండదు, బిల్లు డాలర్లలో వస్తుంది, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ పాప పేరుతో కూడా తీసుకోండి.

ఇంకో నిజం కూడా విను. ఓడ బ్రోచర్లో పిల్లల బొమ్మలున్న పేజీల్లో సగం మీ పాపకి వర్తించవు. డైపర్ మానని పిల్లల్ని చాలా ఓడల్లో ఈతకొలనులోకి దిగనివ్వరు, ఈత డైపర్ వేసినా సరే. కొన్నిటిలో పసిపిల్లలకి వేరే నీళ్ల ఆటల చోటు ఉంటుంది. పిల్లల క్లబ్బులు చాలావరకు మూడేళ్లు నిండి, బాత్‌రూమ్ అలవాటైన పిల్లలకే. అంటే మిగతావాళ్లు షోలకి వెళ్తుంటే ఒకరు గదిలో పాపతో ఉండాలి. రాత్రికొకరు చొప్పున ఇప్పుడే పంచుకోండి, లేకపోతే నాలుగు రాత్రులూ అది నీ వంతే అవుతుంది, నాకు తెలుసు.

ఇక అసలు విషయానికొస్తా. తొమ్మిది మంది వెళ్తున్నారని రాశావు. నాకు భయం సముద్రం గురించి కాదు, ఆ తొమ్మిది గురించి.

మా పెద్దదానికి రెండున్నరేళ్లప్పుడు మేం పదకొండు మందిమి వెళ్లాం. సాయంత్రం ఓడ రేవు వదులుతుంటే పై డెక్ మీద పాటలు, అందరూ రెయిలింగ్ దగ్గర. పిల్ల మా ఆడపడుచు దగ్గరుందనుకున్నాను. ఆడపడుచు, అత్తగారి దగ్గరుందనుకుంది. అత్తగారు నా దగ్గరుందనుకున్నారు. నిమిషం కూడా అయ్యుండదు. చూస్తే పిల్ల కొలను అంచున గొంతుక్కూర్చుని, నీళ్లలో తేలుతున్న పసుపు బంతి కోసం చెయ్యి చాస్తోంది. ఒక చెప్పు అప్పటికే నీళ్లలో పడి తేలుతోంది. ఆ కొలను దగ్గర లైఫ్‌గార్డ్ లేడు, ఒక బోర్డు మాత్రం ఉంది, మీ బాధ్యత మీదే దిగండి అని. అన్ని ఓడల్లోనూ లైఫ్‌గార్డ్‌లు ఉండరని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ రాత్రి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లని అప్పగించేవాళ్లు "పాప నీ దగ్గర" అని పైకి అనాలి. తీసుకునేవాళ్లు "నా దగ్గర" అని పైకి అనాలి. తల ఊపితే చెల్లదు. మొదటిరోజు అందరూ నవ్వారు, మా మరిది అయితే మైకులో చెప్పమంటారా అని వెక్కిరించాడు. మూడోరోజుకి వాడే "వదినా, పాప నా దగ్గర" అని డెక్ అవతలినుంచి అరుస్తున్నాడు.

నిజానికి మనం కాలవ గట్టున పెరిగినవాళ్లం, ఇది మనకి కొత్త కాదు. వేసవిలో కాలవ కట్టేసిన రోజులు తప్ప ఏడాదంతా గుమ్మానికి పదడుగుల్లో పారే నీళ్లు. మా అమ్మమ్మ పాకే పిల్లలకి మువ్వల పట్టీలు పెట్టేది అందం కోసం కాదు. వంటింట్లో కూరలు తరుగుతున్నా చెవి ఆ చప్పుడు మీదే, చప్పుడు ఆగితే కత్తిపీట వదిలేసి లేచేది. ఓడ మీద పాటల హోరులో మువ్వలు వినిపించవు, అందుకే నోటితో చెప్పుకోవాలి. మీ అత్తయ్యగారి మాటని చాదస్తమని కొట్టెయ్యకు. ఆవిడ చూసే వుంటారు, మన వైపు నీళ్లకి పిల్లల్ని పోగొట్టుకోని ఊరుందా. ఈ పద్ధతి ముందు ఆవిడకే చెప్పు, ఆవిడే దాన్ని తొమ్మిది మంది చేతా పాటింపజేస్తారు. ఎలాగూ గాలి అన్నారు కదా, అది కూడా నిజమే, డెక్ మీద గాలి విసురుతుంది, లోపల ఏసీ వణికిస్తుంది. చెవులు కప్పే టోపీ, స్వెట్టర్ పెట్టుకో.

ఎక్కినరోజే అందరికీ ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు, పాపకి సరిపడే లైఫ్ జాకెట్ అప్పుడే అడిగి తీసుకోండి.

కాగితాలు: పాపకి విడిగా పాస్‌పోర్ట్, విడిగా వీసా. నాలుగేళ్లలోపు పిల్లలకి ఫొటో మీరే తీసుకెళ్లాలి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో. పాస్‌పోర్ట్‌లన్నిటికీ ఆరు నెలలకి పైగా గడువు ఉండాలి. సింగపూర్ నుంచి బయటికెళ్లి మళ్లీ సింగపూర్‌లోకే వస్తారు కాబట్టి వీసా ఒక్క ఎంట్రీకి కాకుండా ఎక్కువసార్లకి ఉందో లేదో చూసుకోండి.

వెళ్లేలోపు ఒక ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి రండి, తొమ్మిది మందిలో ఊళ్లో ఉన్నవాళ్లంతా. గోదారి ఊపు వేరు, సముద్రం ఊపు వేరు, వాంతుల సంగతి దానితో తేలదు. కానీ ఇంజిను చప్పుడుకి పాప ఎలా ఉంటుందో, చంకలో ఎంతసేపు ఆగుతుందో, మీ ఇంట్లో ఎవరు "నా దగ్గర" అనకుండా పిల్లని పట్టుకెళ్తారో అన్నీ ఆ పావుగంటలో బయటపడతాయి.

ప్రశ్న: మేడమ్, మాది భీమవరం. మనవడికి ఎనిమిది నెలలు, అన్నప్రాసన అయ్యింది. దిండిలో హౌస్‌బోట్ మీద ఒక రాత్రి ఉందామని పిల్లల కోరిక. పసివాడితో పర్వాలేదా?

జవాబు: పగలు తిరగండి, రాత్రి ఒడ్డున గది తీసుకోండి. హౌస్‌బోట్ ఎలాగూ రాత్రంతా తిరగదు, రేవులో కట్టేసి ఉంచుతారు, ఒడ్డున పడుకున్నా కిటికీలోంచి కనిపించేది అదే వశిష్ఠ గోదారి, తేడా అల్లా దోమలు. దోమతెర మీదే తీసుకెళ్లండి. పడవవాళ్లు ఇచ్చే జాకెట్లు పెద్దవాళ్ల కొలతలో ఉంటే వాడికి అది రక్షణ కాదు. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, జాకెట్ గడ్డం దాటి చెవులదాకా లేచిందంటే నీళ్లలో పిల్లాడు కిందినుంచి జారిపోతాడు. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్న చిన్న జాకెట్ ముందే కొనుక్కోవడం మేలు. పాలు కలిపే నీళ్లు ఇంట్లో కాచినవే.

ప్రశ్న: కాకినాడ నుంచి పాపికొండలు ఒక్కరోజులో వెళ్లి రావాలని ఉంది. బాబుకి నాలుగేళ్లు. ఆగస్టులో సెలవులొస్తున్నాయి.

జవాబు: ఆగస్టులో వద్దు. గోదావరికి వరద వచ్చే నెల అది, బోట్లు తిరగనిచ్చినా సరే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. కాకినాడ నుంచి రేవుకి చేరడం, బోటు, మళ్లీ వెనక్కి, నాలుగేళ్ల పిల్లాడికి చాలా పెద్ద రోజు, ముందురోజే రాజమండ్రి వచ్చి పడుకుంటే వాడూ మీరూ బతికిపోతారు. గండి పోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కేముందు పిల్లాడి సైజు జాకెట్ అడగండి, చేతికిచ్చి చూపించాలి, "లోపలుంది, తర్వాత ఇస్తాం" అంటే కుదరదు. లేదంటే అమ్మవారి దర్శనం చేసుకుని వెనక్కి వచ్చెయ్యండి.