పాత కార్డు ఇప్పుడే క్లోజ్ చేయకండి

నాలుగు నెలల్లో మూడు రివార్డ్స్ క్రెడిట్ కార్డులు తీసుకున్నా, క్రెడిట్ స్కోర్ పడింది, ఇప్పుడు ఫీజు దండగ కదా అన్నిటికంటే పాత కార్డు మూసేద్దామా అని మీరు అడిగారు కదా, ఆ పని మాత్రం చేయకండి. వరసగా మూడు హార్డ్ ఎంక్వైరీలు (కార్డుకి అప్లై చేసినప్పుడు బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్ట్ చూడడం) పడ్డాయి, కొత్త అకౌంట్లతో మీ అకౌంట్ల సగటు వయసు కూడా తగ్గింది, అంతే, బిల్లులు టైంకి కడుతుంటే కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది.

పాత కార్డు మూస్తే అసలు దెబ్బ యుటిలైజేషన్ దగ్గర, అంటే మొత్తం లిమిట్‌లో మీరు వాడిన శాతం. మొత్తం లిమిట్ 4 లక్షలు, బిల్లు 80 వేలు అనుకోండి, అంటే 20 శాతం. అందులో 2 లక్షల లిమిట్ ఉన్న పాత కార్డు తీసేస్తే మీరు అదనంగా ఏమీ ఖర్చు పెట్టకపోయినా అది 40 శాతం అయి కూర్చుంటుంది! 30 దాటనివ్వొద్దంటారు, నన్నడిగితే 10 లోపు ఉంటే ఇంకా బెటర్.

ఫీజు బాధకి బ్యాంకుకి ఫోన్ చేసి ఫీజు లేని కార్డుకి మార్చమనండి, అకౌంట్ పాతదే ఉంటుందా కొత్తది తెరుస్తారా అని ముందే అడగండి. మూయక తప్పదంటే పాయింట్లు ముందే వాడేయండి (నేనోసారి మర్చిపోయి మొత్తం పోగొట్టుకున్నా), బాకీ సున్నా చేసి, ఆటో పేమెంట్లు వేరే కార్డుకి మార్చి, క్లోజ్ అయినట్టు మెయిల్ తీసుకోండి. ఈలోపు లోన్ ప్లాన్ ఉంటే ఇంకో కార్డు జోలికి వెళ్ళొద్దు.