క్యాట్ కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఒక పాత పేపరు రాయించండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్‌లో సీఈసీ చదివింది. ఇప్పుడు బీకాం చివరి సంవత్సరంలోకి వచ్చింది. ఎంబీఏ సీటు కోసం క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష), ఐసెట్ (రాష్ట్రంలోని కాలేజీల ప్రవేశ పరీక్ష) రెండూ రాస్తానంటోంది. బంధువుల అబ్బాయి 2018లో తాను వాడిన పుస్తకాల కట్ట ఇచ్చాడు. అవి సరిపోతాయా, లేక నలభై వేల రూపాయల ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాలా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ఆ కట్టలో సగం పనికొస్తుంది. 2019 వరకు క్యాట్ మూడు గంటలు, వంద ప్రశ్నలు. 2020 నుంచి పరీక్ష రెండు గంటలకు తగ్గింది. ఇంగ్లిష్, డేటా-లాజిక్, గణితం అనే మూడు విభాగాలకూ తలా 40 నిమిషాలు. 2024లో వచ్చినవి 68 ప్రశ్నలే. అందుకని అందులోని మాదిరి పరీక్షలు పక్కన పెట్టేయండి. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని లెక్కలకు కాలదోషం ఉండదు కాబట్టి గణితం పుస్తకాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంగ్లిష్ పదాల లావుపాటి పుస్తకం ఉంటే ప్రస్తుతానికి అటకెక్కించండి. క్యాట్‌లో ఇప్పుడు పర్యాయపదాలు అడగడం లేదు. 2024లో ఇంగ్లిష్ విభాగంలోని 24 ప్రశ్నల్లో 16 వ్యాసభాగం చదివి జవాబు రాయాల్సినవే.

ఇక కోర్సు సంగతి. ఏది కొనాలో తేల్చాల్సింది ప్రకటనలు కాదు, మీ అమ్మాయి మార్కులు. గత మూడు నాలుగేళ్ల క్యాట్ పేపర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక ఆదివారం ఉదయం ఫోను పక్కన పెట్టించి, విభాగానికి సరిగ్గా 40 నిమిషాల చొప్పున ఒక పేపరు రాయించండి. మార్కులు తక్కువ వస్తాయి, కంగారు పడకండి. ఏ విభాగంలో తక్కువన్నదే చూడండి. మొత్తం పర్సంటైల్ (రాసినవారిలో ఎంత శాతం మందికంటే ముందున్నామో చెప్పే లెక్క) బాగున్నా ఒక్క విభాగంలో కటాఫ్ అందకపోతే ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలవవు.

సీఈసీ వాళ్లకు సాధారణంగా దెబ్బ తగిలేది లెక్కల్లోనే. పదో తరగతి తర్వాత గణితం ముట్టని అమ్మాయికి క్యాట్ స్థాయి పుస్తకం మొదటి రోజే ఇస్తే వారంలో మూసేస్తుంది. ముందు తొమ్మిది, పది తరగతుల గణితం తిరగేయమనండి. వర్గ సమీకరణాలు, శ్రేఢులు, సరూప త్రిభుజాలు అక్కడే ఉన్నాయి. ఆ పుస్తకాలకు నలభై వేలు అక్కర్లేదు. అవి చదివాక కూడా లెక్కలు తెగకపోతే ఆ ఒక్క విభాగానికే క్లాసులు చూసుకోండి.

డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్ (పట్టికలు, తర్కం) విభాగానికి పుస్తకం వెతకడం నాకు వృథాగానే కనిపిస్తుంది. అక్కడ సూత్రాలేమీ లేవు. ఏ సెట్ (ఒకే సమాచారం మీద వచ్చే ప్రశ్నల గుంపు) పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్న తెలివిడి పాత పేపర్లు చేస్తేనే వస్తుంది. రెండు పేపర్లు మాత్రం ముట్టకుండా అక్టోబరుకు దాచమనండి. ఇంగ్లిష్‌కు రోజూ ఒక దినపత్రిక సంపాదకీయం, తనకు ఆసక్తి లేని విషయం మీద ఒక పెద్ద వ్యాసం చదివితే మేలు. పరీక్షలో వచ్చే తత్వశాస్త్రం, కళాచరిత్ర ఎవరి ఇష్టాన్నీ అడిగి రావు.

నేను డబ్బు పెట్టమనేది ఒక్క మాక్ టెస్టుల సిరీస్ మీదే. ఎక్కువ మంది రాసేదే ఎంచుకోండి. పదిమంది రాసిన మాక్‌లో వచ్చే పర్సంటైల్‌కు అర్థం లేదు. రాసిన ప్రతి మాక్‌నూ ప్రశ్న ప్రశ్నగా విప్పి చూసుకోవాలి, దానికి పరీక్షకంటే ఎక్కువ సమయమే పడుతుంది. ఆ ఓపిక లేకుండా ముప్పై మాక్‌లు రాసేవారికంటే పన్నెండు రాసేవారే నయం.

ఐసెట్ పుస్తకాలు ఇప్పుడే కొనకండి. క్యాట్ నవంబరు చివర్లో అయిపోతుంది, ఐసెట్ ఎండాకాలంలో వస్తుంది. అది వేరే ఆట: 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. క్యాట్‌లో ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు జవాబిస్తే ఒక మార్కు పోతుంది, ఇక్కడ తెలియని ప్రశ్ననూ వదలకూడదు. క్యాట్‌కు చేసిన లెక్కలు ఇక్కడ తేలికగానే అనిపిస్తాయి. కొత్తగా చదవాల్సింది వ్యాపార, కంప్యూటర్ పదజాలం, వ్యాకరణం. అటకెక్కించిన ఆ పదాల పుస్తకాన్ని డిసెంబరులో దించండి.