వైఫై ఊరికే కట్ అవుతోంది, కొత్త రౌటర్ కొనాలా?

రోజుకు ఏడెనిమిది సార్లు నెట్ పోతోంది, రౌటర్ మార్చితే బాగవుతుందా అని అడిగారు కదా. అప్పుడే కొనకండి. నేను 2,300 పెట్టి కొన్నాను, ఇప్పుడది మా అటక మీద ఇత్తడి బిందె పక్కన కూర్చుంది.

మాది తెనాలి, మేడ మీద వాటా. ఇంటి నుంచే ఉద్యోగం. సరిగ్గా ఉదయం తొమ్మిదింటికి మీటింగ్ మొదలవగానే నెట్ పోయేది, రెండు మూడు నిమిషాలకు వచ్చేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మంత్రం, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్". అయ్యా, అదే ఆఫ్ అయి ఆన్ అవుతోందనే కదా నా గోడు! లైన్ చూడ్డానికొచ్చిన కుర్రాడు మధ్యాహ్నం మూడింటికి వచ్చి, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, "వంద వస్తోందన్నా, ఇంకేం కావాలి" అని వెళ్లిపోయాడు. ఈ స్పీడ్ టెస్టుల పిచ్చి ఒకటి. మంచినీళ్లు రోజులో గంట రాకపోతే, వచ్చినప్పుడు ధార ఎంత లావుగా ఉందో ఎవడిక్కావాలి?

చివరికి కొత్త రౌటర్ కొని, నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన ఫైబర్ డబ్బాకి (ఫైబర్ వైరు వచ్చి చేరే పెట్టె) తగిలించాను. ఈసారి వైఫై గుర్తు నిక్షేపంగా ఉండేది, నెట్ మాత్రం పోయేది. అప్పుడే నాకు వెలగాలి, తప్పు ఆ డబ్బా దగ్గరుందని. వెలగలేదు.

వెలిగించింది మా అమ్మ. "ఒరేయ్, నేను మిక్సీ వేసినప్పుడల్లా నువ్వు హలో హలో అని అరుస్తావేంట్రా?"

వెళ్లి డబ్బా ముందు నిలబడి, అమ్మని మిక్సీ వేయమన్నాను. అల్లప్పచ్చడి ఒక్క తిప్పు తిరిగిందో లేదో, లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. హాల్లో డబ్బా, వంటింటి గట్టు మీద మిక్సీ, రెండూ గోడకి అటూ ఇటూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద బతుకుతున్నాయి. బాక్స్ లూజు. దానికి తోడు డబ్బా అడాప్టర్ ముసలిదైపోయింది. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చక్కగానే చూపించింది. డబ్బాకి తగిలించకుండా, అంటే లోడ్ లేకుండా చూస్తే అలాగే చూపిస్తుంది, నమ్మకూడదు. మిక్సీ మోటార్ మొదలయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది, ఆ క్షణం వోల్టేజి పడితే పాత అడాప్టర్ తట్టుకోలేదు. కొత్త అడాప్టర్ తెచ్చి వేరే ప్లగ్గుకి పెట్టాను. వోల్టులు పాతదాని మీద రాసినన్నే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, పిన్ను సరిపోవాలి. ఏడాదిన్నర అయింది, మళ్లీ పోలేదు.

అందుకే నా లెక్కలో నూటికి తొంభై ఇళ్లలో తప్పు రౌటర్‌ది కాదు. ఈసారి నెట్ పోగానే స్విచ్ మీద చెయ్యి వేయకుండా డబ్బా మీది లైట్లు చూడండి. అన్నీ ఆరి వెలిగితే కరెంటు గొడవ. ఎల్‌ఓఎస్ (LOS, అంటే సిగ్నల్ అందట్లేదని) అన్నచోట ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్ గొడవ: బీరువా జరిపినప్పుడు వైరు మడత పడిందా, మేడ మీద ఉడత కొరికిందా చూసి లైన్‌మన్‌ని పిలవాల్సిందే, మీరెన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అతుక్కోదు. లైట్లన్నీ బాగుండి ఫోన్‌కి మాత్రమే రాకపోతే అప్పుడు వైఫై సంగతి. అపార్ట్‌మెంట్ అయితే పక్కవాళ్ల వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే బ్యాండ్ మీదే తోసుకుంటుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో చానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టుకోండి, దగ్గర గదిలో అయితే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి. డబ్బాని షోకేసులో స్టీలు సామాన్ల వెనక దాచారా? ముందు బయటికి తీయండి. అందం కోసమట, మా బావమరిది ఇంట్లో అక్కడే ఉంటుంది.

ఈ మూడింట్లో మీది ఏదో చూసి కింద రాయండి. మీ మిక్సీ ఏ ప్లగ్గుకి ఉందో కూడా.